మా అమ్మ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పినవాళ్లకు

దేవరకొండ నుంచి రాస్తున్నాను. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో అయ్యాక హైదరాబాద్‌లో మొదలైన రేడియేషన్ పోయిన నెల పూర్తయింది. డబ్బు సర్దినవాళ్లకు, ఆరోగ్యశ్రీ కాగితాల కోసం తిరిగిన మా చిన్నబాపుకు ఎదురుగానే దండం పెట్టాను. ఈ పోస్టు మాత్రం అమ్మ ఏది అడిగినా విసుక్కోకుండా చెప్పినవాళ్ల కోసం.

రేడియేషన్ అంటే "కరెంటు పెడతరు" అని ఊళ్లో అందరూ అనడంతో అమ్మకు ముందు నుంచే టెన్షన్. ఒళ్లు కాలుతుందా, కీమోకు ఊడి ఇప్పుడిప్పుడే వస్తున్న జుట్టు మళ్లీ పోతుందా, అన్నిటికంటే ముఖ్యంగా ఇంటికొచ్చి మా చంటిదాన్ని ఎత్తుకుంటే దానికేమైనా అవుతుందా. ఇవేవీ పెద్ద డాక్టర్ ముందు నోరు తెరిచి అడగలేకపోయింది. అంతకుముందు చూపించిన ఒకచోట నేను అడిగితే "అవన్నీ మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం" అన్నారు, ఆ రాత్రంతా అమ్మకు నిద్ర లేదు.

మిషన్ దగ్గరుండే టెక్నీషియన్ మేడమ్, మీ రుణం తీర్చుకోలేం. ప్లానింగ్ సీటీ (కిరణాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి ముందుగా తీసే స్కాన్) రోజే కూర్చోబెట్టి చెప్పారు: కిరణాలు పడేటప్పుడు నొప్పి తెలియదు, మిషన్ ఆగాక ఒంట్లో కిరణాలేమీ మిగలవు, పిల్లల్ని హాయిగా ఎత్తుకోవచ్చు, తలకు పెట్టడం లేదు కాబట్టి దీనివల్ల జుట్టు రాలదు. గదిలో ఒక్కతే ఉన్నా బయట నుంచి కెమెరాలో చూస్తూనే ఉంటారని, పిలిస్తే వినిపిస్తుందని కూడా. అమ్మది ఎడమవైపు కాబట్టి గుండెకు కిరణాలు తగ్గేలా ఊపిరి పీల్చి పట్టుకోవడం ప్రాక్టీస్ చేయించారు. కిరణాలు పడాల్సిన చోట ఒంటి మీద పెట్టిన మార్కులు సరిచూసేంత వరకే బట్ట తీసి, మిగతా సమయమంతా దుప్పటి కప్పి ఉంచారు. చిన్న విషయంలా ఉంటుంది కానీ మా అమ్మ ఇప్పటికీ అందరికీ ముందు చెప్పేది అదే. మేడమ్ మాట మీద ధైర్యంతో ఒక శుక్రవారం సాయంత్రం బస్సు దిగి ఇంటికి రాగానే చంటిదాన్ని ఎత్తుకుంది.

వెయిటింగ్ హాల్లో కలిసిన వనపర్తి పెద్దమ్మా, మీకూ. "రెండు వారాలు దాటినంక తోలు ఎర్రగైతది, నల్లగైతది, అయిపోయినంక గూడ కొన్ని దినాలు ఎక్కువే ఉంటది, రోగం తిరగబెట్టిందని ఏడ్వకు" అని మీరు ముందే చెప్పకపోతే, ఆఖరి సిట్టింగ్ అయ్యాక చంక కింద చర్మం అలా మారినప్పుడు మేం అదే అనుకునేవాళ్లం. పౌడర్, పసుపు పూయొద్దని, వదులు నూలు జాకెట్లు వేసుకోమని, పొట్టు లేచి నీరు కారితే మాత్రం వెంటనే చూపించమని చెప్పింది కూడా మీరే.

అమ్మకు ఇంకా నీరసం ఉంది. కొన్ని వారాలు ఉంటుందని మేడమ్ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడట్లేదు, చెయ్యి బిగుసుకోకుండా వ్యాయామం రోజూ చేస్తోంది. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఆడవాళ్లెవరికైనా రేడియేషన్ రాసి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. మందుల సంగతి మీ డాక్టరే చెప్పాలి, అక్కడ ఎలా ఉంటుందో మాత్రం మా అమ్మే ఫోన్‌లో మాట్లాడతానంటోంది.