చిన్న సీఆర్‌టీ ట్యూబులు ఈ నెల పంపలేకపోతున్నాం

నమస్తే అండి. మా దగ్గర రెండంగుళాల ఆసిలోస్కోప్ ట్యూబులకు (కరెంటు సంకేతాలను గీతలుగా చూపించే పరికరంలో తెరగా ఉండే గాజు గొట్టాలు, వీటినే సీఆర్‌టీ అంటారు) అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్న వాళ్లందరికీ ఈ మాట. ఈ నెల ఇస్తామన్నవి ఇవ్వలేం. తప్పు నాదే, జరిగింది జరిగినట్టు చెప్తాను.

పోయిన బ్యాచ్‌లో 14 ట్యూబులు చేశాం. తెర మీద ఆకుపచ్చ చుక్క సన్నగా, గుండ్రంగా నిలబడేసరికి చాలా సంతోషమేసింది. రెండు రోజులు నడిపి చూసి ఆరు పంపేశాం. మిగతా ఎనిమిది గాజువాక ఆటోనగర్‌లో మా బల్ల మీదే ఉన్నాయి. పదో రోజు పొద్దున షాపు తెరిచేసరికి ఒకదాని మెడలో అద్దంలా మెరవాల్సిన గెట్టర్ పూత అంచున పాలమీగడలా తెల్లబడి ఉంది. లోపల మిగిలిన గాలిని పట్టేసే బేరియం పూత అది. తెల్లబడిందంటే బయటి గాలి చొరబడుతున్నట్టే. రెండు రోజుల్లో పూత మొత్తం పోయింది. లైట్లు ఆర్పి, ఎక్కువ వోల్టేజీ ఇచ్చే స్పార్క్ కాయిల్ ఆనిస్తే మెడంతా వంకాయ రంగులో వెలిగింది. వాక్యూమ్ బాగుంటే లోపల అలా వెలగదు.

విశాఖ ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పట్టాయేమోనని మొదట అనుకున్నాను. కాదు. తీగలు గాజులోంచి బయటికొచ్చే చోట భూతద్దం పెట్టి చూస్తే వెంట్రుకంత పగులు. అక్కడ వాడేది డ్యూమెట్ తీగ, నికెల్-ఇనుము మీద రాగి తొడుగు. మెత్తని గాజుతో పాటే సాగుతుంది, ముడుచుకుంటుంది. కానీ గాజు కొలిమిలో నిదానంగా చల్లారాలి. ఆర్డర్ల టెన్షన్‌లో ఆ రోజు కొలిమి తలుపు ముందే తీయించింది నేనే.

ఇకపై తీగలు బయటికొచ్చే గాజు బేస్ ప్రతిదాన్నీ రెండు పోలరాయిడ్ రేకుల (కాంతిని ఒకే దిశలో పోనిచ్చే రేకులు) మధ్య పెట్టి చూస్తాం. గాజులో ఒత్తిడి మిగిలి ఉంటే రంగులు కనిపిస్తాయి, అలాంటిది మళ్లీ కొలిమిలోకే. పూర్తయిన ట్యూబు మూడు వారాలు మా దగ్గరే ఉంటుంది. ఆలస్యం అందుకే.

ఆ ఆరు ట్యూబులు అందుకున్నవాళ్లు దయచేసి ముందు మెడ చూడండి. తెల్లగా ఉంటే స్విచ్ వేయొద్దు, గాలి తగిలితే లోపల వేడెక్కే హీటర్ తీగ మాడిపోతుంది. మెడ ఫొటో వాట్సాప్ చేస్తే చాలు, కొత్తది ఉచితంగా పంపిస్తాం, కొరియర్ ఖర్చు కూడా మాదే. కొత్త బ్యాచ్‌లో మొదటి ఆరూ మీకే. ఆగలేమన్నవాళ్లు చెప్పండి, అడ్వాన్స్ అదే రోజు తిరిగి వేసేస్తాను.