ఆ ఒక్క సీటుతో ఇరాన్ యూదుల కథ తేలదు

సంపాదకుడు గారికి,

ఇరాన్, ఇజ్రాయెల్ గొడవ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా మా వాకింగ్ మిత్రుల్లో ఒకరు ‘అక్కడ యూదుడన్నవాడే మిగల్లేదు’ అంటారు. ఇంకొకరు ‘పార్లమెంటులో సీటు కూడా ఇచ్చారు, వాళ్లకేం లోటు?’ అంటారు. మొదటాయన మాట తప్పు. రెండో ఆయనది సగం నిజం.

సీటు ఉన్నమాట వాస్తవమే. 1906 రాజ్యాంగ ఉద్యమంతో మొదలైన ఆ ఏర్పాటును 1979 ఇస్లామిక్ విప్లవం తర్వాతా ఉంచారు. టెహ్రాన్‌లో యూదుల ధర్మాసుపత్రిగా పేరున్న డాక్టర్ సపీర్ ఆసుపత్రికి వచ్చే రోగుల్లో ఎక్కువమంది ముస్లింలే. బైబిల్ చదివినవాళ్లకు తెలిసిన ఎస్తేరు, మొర్దెకైలదిగా చెప్పే సమాధి ఇరాన్ నగరం హమదాన్‌లో ఉందంటే మావాళ్లు నమ్మలేదు.

అయితే 1979 మేలో యూదు సమాజ పెద్ద, పారిశ్రామికవేత్త హబీబ్ ఎల్ఘనియాన్‌ను కాల్చి చంపారు. కొద్ది రోజులకే విప్లవ నేత ఖొమేనీ యూదు పెద్దలను కలిసి, యూదులు వేరు, జియోనిస్టులు (యూదులకు ప్రత్యేక దేశం కావాలనేవాళ్లు) వేరు అని చెప్పినా భయం పోలేదు. విప్లవానికి ముందు సుమారు 80 వేలమంది ఉండగా, ఇప్పుడు 10 వేలకు అటూ ఇటూ అని అంచనా. 1999లో గూఢచర్యం పేరుతో 13 మంది యూదులను పట్టుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది షిరాజ్ నగరంవాళ్లు. వారసత్వ చట్టం మరీ విడ్డూరం. యూదు కుటుంబంలో వారసుల్లో ఒక్కరు ఇస్లాంలోకి మారినా ఆస్తంతా ఆ మారినవాళ్లకే.

ఆ సీటులో ఉన్న యూదు ఎంపీ ఇజ్రాయెల్‌ను తిడితే మన టీవీ చర్చల్లో దాన్నే సాక్ష్యంగా చూపుతారు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఇంకోలా మాట్లాడే వీలుందా? మీ విదేశీ పేజీలో ఈ సంగతులు వివరంగా రాయించగలరు.

– ఒక పాఠకుడు, ఏలూరు