మూడు కోటలన్నారు, ఒకటిన్నర చూపించారు

విజయవాడ,
06-10-2025

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 2025 సెప్టెంబరు 11న మీరు నడిపిన పారిస్ – లువార్ లోయ కోటల ఒక్కరోజు యాత్రలో లోపాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నేను జూనియర్ కాలేజీలో 31 ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అబ్బాయి పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్లే ముందే మీ హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేసి, నాకూ మా ఆవిడకూ కలిపి 36,000 రూపాయలు కట్టి ఈ యాత్ర బుక్ చేశాను. పారిస్‌లో ఇలాంటి బస్సులు బోలెడు ఉంటాయని మా వాడు చెబుతూనే ఉన్నాడు. ‘తెలుగు గైడ్’ అన్న ఒక్క మాట చూసి మీ దగ్గరికి వచ్చాను. షాంబోర్, షెనోన్సో, ఆంబ్వాజ్ మూడింటికీ లోపలికి టికెట్లు, శాకాహార భోజనం కూడా అందులోనే అని మీరు పంపిన కాగితంలో ఉంది.

ఉదయం 7 గంటలకు బయలుదేరాల్సిన బస్సు ఇంకెవరో రావాలంటూ 7.50 దాకా కదల్లేదు. సరే, అలాంటివి మనకు అలవాటే. షాంబోర్ పారిస్ నుంచి దాదాపు 180 కిలోమీటర్లు. చేరేసరికి పదిన్నర దాటింది. అక్కడ మాకిచ్చిన సమయం 50 నిమిషాలు. మా కాలేజీలో ఒక పీరియడే 45 నిమిషాలు ఉండేది. ఆ 50లో 20 నిమిషాలు టికెట్లు పంచడానికీ, క్యూలో నిలబడడానికీ పోయాయి.

షాంబోర్ అంటే ఏమిటో మీ ఆఫీసులో ఎవరికైనా తెలుసా అని నా అనుమానం. మొదటి ఫ్రాన్సువా రాజు 1519లో వేట విడిదిగా మొదలుపెట్టిన భవనం అది. నాలుగు వందలకు పైగా గదులు, చుట్టూ 32 కిలోమీటర్ల ప్రహరీ గోడ. నడిమధ్యలో ఒక మెట్లదారి ఉంది. ఒకటి కాదు, రెండు. ఒకదాని చుట్టూ ఒకటి జడపాయల్లా మెలిక తిరుగుతూ పైకి పోతాయి. ఒక దారిన ఎక్కేవాళ్లు, రెండో దారిన దిగేవాళ్లు మధ్యలో కిటికీల్లోంచి ఒకరికొకరు కనిపిస్తారు గానీ ఎదురుపడరు. ఈ ఆలోచన చిత్రకారుడు లియొనార్డో డా విన్సీదని చాలామంది అంటారు. రుజువు లేదు. పని మొదలైన ఏడాదే ఆయన పోయాడు. నేను ఈ మెట్ల బొమ్మను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఒక్కసారీ సరిగ్గా కుదరలేదు, పిల్లలు నవ్వేవాళ్లు.

మా ఆవిడ ఒక దారిన, నేను ఒక దారిన ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపుకోవాలని విమానంలోనే అనుకున్నాం. నలభై ఏళ్ల కాపురంలో మేం చెరో దారి పట్టిన సందర్భం అదొక్కటే అయ్యుండేది! మొదటి అంతస్తు దాకా వెళ్లామో లేదో ఫోన్ మోగింది. ‘బస్సు వెళ్లిపోతోంది, దిగండి అంకుల్.’ చిన్న ఊరిలా శిఖరాలు, పొగగొట్టాలతో నిండి ఉండే ఆ డాబా మీదికి వెళ్లనే లేదు. ఫ్రాన్సువా కూడా తన పాలన మొత్తంలో అక్కడ గడిపింది కొద్ది వారాలేనట. ఆ లెక్కన మాకంటే ఆయనే నయం.

ఇంత తొందర ఎందుకో తర్వాత తెలిసింది. దారిలో ఒక వైన్ దుకాణం దగ్గర బస్సు ఆపి గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. మీ కాగితంలో దాని ప్రస్తావనే లేదు. మేమిద్దరం మందు ముట్టం. బస్సులో సగం మంది ముట్టరు. భోజనం అక్కడే పెట్టారు. శాకాహారమని తెరిచి చూస్తే రొట్టె మధ్యలో పంది మాంసం ముక్క ఉంది. అడిగితే ‘అది తీసేసి తినండి’ అన్నారు. మా ఆవిడ ఆ పూట రెండు అరటిపళ్లతో సరిపెట్టుకుంది.

షెనోన్సోలో 45 నిమిషాలు. రెండో హెన్రీ రాజు ఆ కోటను తన ప్రేయసి డియాన్‌కు ఇచ్చాడు. షేర్ నది మీద వంతెన కట్టించింది ఆవిడే. 1559లో రాజు పోగానే రాణి కేథరిన్ ఆమెను అక్కడి నుంచి పంపించి, ఆ వంతెన మీదే పొడవాటి హాలు కట్టించింది. మన దగ్గర సవతుల పోరు సీరియళ్లలో వెయ్యి ఎపిసోడ్లు నడుస్తుంది, అక్కడ దానివల్ల ఒక అద్భుతమైన కట్టడం మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ హాలు సైనికుల ఆసుపత్రి. రెండో యుద్ధంలో ఆ నదే సరిహద్దు గీత. ఒక ఒడ్డున జర్మన్ల ఆక్రమణ, హాలు చివరి తలుపు దాటితే ఆక్రమణ లేని అవతలి ఒడ్డు. ఆ తలుపు దాకా నడవాలనుకున్నాను. జనంలో సగం దూరం వెళ్లి వెనక్కి తిరగాల్సి వచ్చింది.

ఇక ఆంబ్వాజ్. లియొనార్డో సమాధి ఉన్న చిన్న గుడి ఆ కోటలోనే ఉంది. దాన్ని మీరు బస్సు కిటికీలోంచి, నది మీది వంతెన దాటుతూ చూపించారు. ‘అదిగో, ఆ గోడ మీద కనిపించేదే.’ మా వైపు కూర్చున్నవాళ్లకు అది కూడా కనిపించలేదు. లోపలికి టికెట్ డబ్బు మాత్రం తీసుకున్నారు.

తెలుగు గైడ్ సంగతి. వచ్చినవాడు అక్కడ చదువుకుంటున్న కుర్రాడు, చాలా మర్యాదస్తుడు. కానీ కోట గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ‘లోపల నేను చెప్పకూడదు అంకుల్, నాకు కార్డు లేదు’ అన్నాడు. ఫ్రాన్స్‌లో మ్యూజియాల్లో, చారిత్రక కట్టడాల్లో టూర్ కంపెనీలు పెట్టే గైడ్‌కు వృత్తి కార్డు ఉండాలన్న సంగతి యాత్రలు అమ్మే మీకు తెలియదంటే నేను నమ్మను. పాపం, లోపల ఉన్నంతసేపూ పక్కవాళ్లకు నేనే చెప్పాను. నా జీతం మీరు బాకీ.

తిరిగొచ్చాక మీ ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశాను. చివరిసారి మాట్లాడినావిడ ‘విజిట్ అంటే బయట నుంచి చూడడం కూడా సార్’ అంది. మీ కాగితంలో ‘లోపలికి ప్రవేశం’ అని తెలుగులోనే రాసి ఉంది. ఆ కాపీ, టైముతో సహా తీసిన ఫోటోలు, రసీదు దీనికి జత చేస్తున్నాను.

నాకు కావలసింది సగం డబ్బు, అంటే 18,000 రూపాయలు. షాంబోర్ చూశాను, కొంతైనా చూశాను కాబట్టి మొత్తం అడగడం లేదు. రెండోది, ప్రకటనలో మూడు కోటలని రాయడం మానేయండి. షాంబోర్, షెనోన్సో రెండూ చాలు. వైన్ దుకాణం తీసేస్తే ఒక్కోదానికి గంటన్నర పైనే వస్తుంది, కావాలంటే లెక్క వేసి చూసుకోండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, హైదరాబాద్ దాకా రానక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఈ ఉత్తరం చూసి ఆ కుర్రాడి డబ్బులు కోయకండి. షెనోన్సోలో మా ఆవిడకు అరటిపళ్లు వెతికి తెచ్చింది అతనే.

ఇట్లు,
సెప్టెంబరు 11 బస్సులో మీ ప్రయాణికుడు
(సంతకం)