పార్కింగ్ స్థలం గురించి నువ్వడిగిన ప్రశ్నకు

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. నాన్నగారి మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని చదివాక మనసు కుదుటపడింది. ఇక చివర్లో అడిగావు చూడు, "ఖాళీ పార్కింగ్ స్థలంలో బిల్డింగ్ కడతామంటే మీ పేటవాళ్లకి నొప్పేంట్రా?" అని. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మా సీపోర్ట్ పేట మాన్‌హటన్ దక్షిణ కొసన, బ్రూక్లిన్ బ్రిడ్జి పక్కనే ఉంటుంది. న్యూయార్క్ అంటే ఆకాశహర్మ్యాలే కదా అనుకుంటావు గానీ, ఇక్కడ ఇటుక కట్టడాలు నాలుగైదు అంతస్తులు దాటవు. షెర్మర్‌హార్న్ రో అనే వరస 1810ల నాటిది. ఓడల్లో సరుకు తెప్పించే వర్తకులు కింద గిడ్డంగి, పైన లెక్కల గదులు పెట్టుకునేవాళ్లు. పెక్ స్లిప్ ఇప్పుడు వెడల్పాటి వీధి. ఒకప్పుడు ఓడలు లోపలిదాకా వచ్చి ఆగే నీళ్లు, తర్వాత పూడ్చేశారు. ఫుల్టన్ చేపల మార్కెట్ 2005 దాకా ఇక్కడే ఉండేది. ఒక రేవు ఎలా బతికిందో ఇంకా కళ్లారా చూడగలిగే చోట్లు ఈ ఊళ్లో ఎన్నో లేవురా.

పెన్ స్టేషన్ అనే పాత అందమైన రైల్వే స్టేషన్‌ని కూల్చేశాక కలిగిన బాధలోంచి 1965లో ఈ నగరానికి ల్యాండ్‌మార్క్స్ కమిషన్, అంటే పాత కట్టడాల్ని కాపాడే సంస్థ, వచ్చింది. 1977లో అది మా పేటని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. ఆ హద్దు లోపల కొత్తది ఏది కట్టాలన్నా, ఖాళీ స్థలంలోనైనా సరే, కమిషన్ ఒప్పుకోవాలి. నువ్వన్న పార్కింగ్ స్థలం, 250 వాటర్ స్ట్రీట్, ఆ హద్దు లోపలే ఉంది. ఒక బ్లాకు మొత్తం. అక్కడ ఎత్తుగా కడతామని వచ్చినవాళ్లని కమిషన్ ఏళ్ల తరబడి తిప్పి పంపింది. 2003లో నగరం ఆ చోట 120 అడుగుల ఎత్తే హద్దని జోనింగ్ (ఎక్కడ ఏది ఎంత ఎత్తు కట్టొచ్చో చెప్పే నగర నిబంధనలు) కూడా మార్చింది. కాబట్టి మేం "ఏమీ కట్టొద్దు" అనలేదు, శ్రీనూ. 120 అడుగుల్లో కట్టుకోండి అన్నాం.

2018లో ఒక పెద్ద రియల్ ఎస్టేట్ కంపెనీ దాన్ని 180 మిలియన్ డాలర్లకు కొంది. ముందు 470 అడుగుల జంట టవర్లు అన్నారు, తర్వాత తగ్గించి 324 అడుగులు అన్నారు. 2021 మే నెలలో కమిషన్ సరేనంది. దీంతోపాటే ఇంకో మాట నడిచింది: ప్రాజెక్టు వస్తే, డబ్బుల్లేక ఇబ్బంది పడుతున్న సీపోర్ట్ మ్యూజియంకి మిలియన్ల డాలర్లు అందుతాయని. నాకు మండింది అక్కడే. మ్యూజియం బతకాలని మాకూ ఉంది. కానీ దాన్ని నిలబెట్టడానికి ఆ మ్యూజియం చుట్టూ ఉన్న పేట ఎత్తునే బేరం పెడితే ఎలా?

ఇంకో భయం నేల గురించి. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ థర్మామీటర్లు చేసేవాళ్లు, మట్టిలో పాదరసం దొరికింది. రోడ్డుకి అవతల పెక్ స్లిప్ బడి. తవ్వకం అనగానే తల్లిదండ్రులకు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఆ మీటింగుల్లో అమ్మలు లేచి అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

అవతలివాళ్ల వాదనలో బలం లేదని అనను. సుమారు 270 ఫ్లాట్లలో కనీసం 70 తక్కువ అద్దెవి అన్నారు. ఈ ఊళ్లో అద్దెలు తెలిసినవాడెవడూ దాన్ని తీసిపారేయలేడు. "మీలో చాలామంది ఉండేది సౌత్‌బ్రిడ్జ్ టవర్స్‌లో, అదే 27 అంతస్తులు కదా" అని కూడా ఎత్తిపొడిచారు. నిజమే, కానీ అది చారిత్రక ప్రాంతం హద్దుకి బయట ఉంది, 1977కి ముందే కట్టింది. గీత గీశాక లోపల ఏం చేస్తామన్నదే మా ప్రశ్న.

పేటవాళ్లు కోర్టుకెళ్లారు. 2023 జనవరిలో జడ్జి ఆర్థర్ ఎంగొరాన్, అదే, తర్వాత ట్రంప్ ఫ్రాడ్ కేసు విన్నాయన, కమిషన్ ఇచ్చిన అనుమతిని కొట్టేశారు. మ్యూజియం డబ్బుకీ ఆ అనుమతికీ ఉన్న లంకెని తప్పుపట్టారు. ఆ రోజు మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ దాని గురించే. కానీ జూన్‌లోనే పై కోర్టు ఆ తీర్పుని తిప్పేసింది. 2024లో రాష్ట్ర అత్యున్నత కోర్టులోనూ మావాళ్లు ఓడిపోయారు.

ఇంత జరిగాక చూడు, 2025లో ఆ కంపెనీ నుంచి విడిపోయి ఏర్పడ్డ సంస్థ స్థలాన్ని కొన్నదానికంటే తక్కువకే ఇంకొకరికి అమ్మేందుకు ఒప్పందం చేసుకుంది. అనుమతి మాత్రం స్థలంతోపాటే ఉంటుంది, అందుకే మావాళ్లు మీటింగులు మానలేదు. నేనూ వెళ్తున్నా. ఓడిన కేసు కదా, ఇంకా ఎందుకంటావేమో. పక్క బ్లాకు మీద రేపు ఇదే బేరం వస్తే, దీన్ని చూపించి అడుగుతార్రా. అప్పుడు ఎదురు చెప్పడానికి మనుషులు ఉండాలి.

వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు. నాన్నగారు కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఒక ఫొటో పంపు.

నీ
రవి