జ్వరం దాచుకోవాల్సిన అవసరం రానీయకండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను నారాయణపేట జిల్లాలో, మక్తల్ దగ్గరి ఒక ఊరి ప్రభుత్వ బడిలో ప్రధానోపాధ్యాయుణ్ని. పంటలు అయిపోగానే మా ఊళ్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి, కృష్ణా స్టేషన్‌లో రైలెక్కించి బొంబాయికో, పుణెకో తీసుకపోతాడు. మళ్లీ పీర్ల పండుగకో, జాతరకో ఊరు నిండుతుంది. కొత్త దగ్గు జబ్బు ఎక్కడ పుట్టినా మా ఊరికి ఏ దారిన వస్తుందో మాకు ముందే తెలుసు. ఆ దారిన వచ్చేది మా తమ్ముళ్లే, మా బడిలో చదివిన పిల్లలే.

కరోనా కాలంలో, 2020 మే నెలలో బొంబాయి నుంచి వచ్చినవాళ్లను మా బడి గదుల్లో ఉంచారు. తాళంచెవి నా దగ్గరే ఉండేది. అందులో ఒకడు నా దగ్గర చదువుకున్నవాడే. మూడో రోజు కిటికీ దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పాడు: "సార్, చెక్‌పోస్టుకు గంట ముందు డోలో గోలీ మింగిన. జ్వరం ఉందంటే బిడ్డను, భార్యను వేరే తోలుకపోతరని భయమైంది." వాళ్లమ్మ రోజూ పొద్దున జొన్నరొట్టెలు గుడ్డలో మూట గట్టి ప్రహరీ గోడ మీద పెట్టి దూరం జరిగేది. ఆ గోడ దగ్గరికి పోయిందని ఆమెను కూడా వారం రోజులు బోరింగు దగ్గరికి రానీయలేదు. వాడు దాచింది తప్పే. కానీ నిజం చెప్పినవాళ్లకు ఊరు ఏం చేసిందో వాడు కళ్లారా చూశాడు.

నా మనవి అంతా ఇక్కడే ఉంది. జ్వరం చెప్పుకున్న మనిషికి నష్టం లేకుండా చూడండి. ఉంచిన రోజులకు కూలి, ఇంట్లో ఉన్నవాళ్లకు బియ్యం, భార్యాబిడ్డలు ఎక్కడున్నా రోజుకోసారి ఫోనులో మాట్లాడించే ఏర్పాటు. ఈ మూడూ జబ్బు రాకముందే జీవోగా ఉండాలి. జబ్బు వచ్చాక రాసే జీవో మా ఊరు చేరేసరికి ఆలస్యమైపోతుంది.

జ్వరం చూసే మిషను ఒక్కదాన్నే నమ్ముకోవద్దని కూడా వేడుకుంటున్నాను. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చినప్పుడు రోగి బాగా ముదిరాకే ఎక్కువగా అంటించేవాడు, అందుకే జ్వరం చూసి వేరు చేస్తే ఆగింది. కోవిడ్ లక్షణాలు రాకముందే అంటుకుంది. రేపు వచ్చేది ఎలాంటిదో ఎవరికీ తెలియదు. జబ్బును ప్రభుత్వం కూడా దాచొద్దు. ఆ సార్స్‌నే చైనా మొదటి నెలల్లో దాచింది. 2003 ఏప్రిల్‌లో అక్కడి ఆరోగ్య మంత్రి పదవి పోయింది, జూలైలో జబ్బు అదుపులోకి వచ్చింది, ప్రపంచం మొత్తం మీద 774 మంది చనిపోయారు. మన దగ్గర కూడా 2020లో పరీక్షలు చాలడం లేదని, రోజువారీ బులెటిన్‌లో వివరాలు లేవని హైకోర్టు మందలించాల్సి వచ్చింది. జిల్లా మొత్తానికి ఒక అంకె చెబితే మాకేం అర్థమవుతుంది? మా మండలంలో ఎంతమందికి, ఏ ఊళ్లో, పరీక్షలు ఎన్ని చేశారు, ఇవి పంచాయతీ గోడ మీద రోజూ రాయించండి, టాంటాం వేయించండి. పేర్లు మాత్రం వద్దు. అంకె తెలియని చోట పుకారు తిరుగుతుంది, ఆ పుకారు పోయి పోయి బొంబాయి నుంచి వచ్చినవాడి గడప ముందే ఆగుతుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2021లో ఇంటింటి జ్వరం సర్వే అప్పుడు మా ఆశా వర్కర్ వెంట నేనూ తిరిగాను. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సీమీటర్ ఊరంతటికీ ఒకటే. బ్యాటరీ మూత ఊడిపోతే రబ్బర్‌బ్యాండ్ వేసి, రుమాల్లో చుట్టి రొండిన దోపుకునేది. ఒక ఇంటి అరుగు మీద ఒక పెద్దమనిషి చాయ్ తాగుతూ కూర్చున్నాడు. దమ్ము లేదు, ఆయాసం లేదు, "నాకేమైంది బిడ్డా" అంటున్నాడు. సిమెంటు పనికి మొద్దుబారిన వేలు, మిషను అంకె చూపించలేదు. ఆమె ఆ వేలిని తన రెండు అరచేతుల మధ్య పెట్టి వేడెక్కేదాకా రుద్దింది. 86 వచ్చింది. 94 కంటే తగ్గితేనే దవాఖానకు పంపాలని ఆమెకు నేర్పారు. ఆ రాత్రే మహబూబ్‌నగర్ పంపించాం, బతికాడు. రుద్దే ఓపిక లేకుంటే పక్కింటికి వెళ్లిపోయేది.

ఆ అమ్మాయిలాంటి వాళ్లకు తలా ఒక మంచి ఆక్సీమీటర్, అదనపు బ్యాటరీలు, సరిపడా మాస్కులు ఇవ్వండి. జీతం నెలనెలా అందనీయండి. దగ్గుతో మొదట పోయేది ఆర్‌ఎంపీ దగ్గరికే కాబట్టి, ఒకే వారంలో పది మందికి దమ్ము వచ్చిందంటే ఆయన ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు ఆయన గోడ మీద ఉండాలి. ఫోన్ చేసినందుకు ఆయన మీద కేసు పెట్టబోమని హామీ కూడా ఉండాలి.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో, నారాయణపేట, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పాలమూరుకు ఇది చిన్న విషయం కాదు, సంతోషం. శాంపిల్ హైదరాబాద్ పోయి మూడు రోజులకు ఫలితం వచ్చిన కాలం మళ్లీ రాకుండా, ఆ కళాశాలల్లోనే కొత్త జబ్బుల పరీక్ష జరిగేలా చూడండి. అక్కడి విద్యార్థులను వలస గుంపులు బయలుదేరే రోజున కృష్ణా స్టేషన్‌కు పంపండి. ఏ లక్షణం వస్తే ఏ నంబరుకు చేయాలో, తిరిగొచ్చేటప్పుడు ఎవరికి చెప్పాలో రైలు రాకముందే వాళ్ల భాషలో చెప్పిపంపితే చాలు.

ఈసారి గుంపులు కదిలే లోపు మీరో, మీ అధికారులో ఒక పూట మా బడికి రండి. ఆ ఆశా వర్కర్‌ను, గోలీ మింగిన ఆ అబ్బాయిని పిలిపిస్తాను. వాళ్లు చెప్పేది వినండి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక ప్రధానోపాధ్యాయుడు,
నారాయణపేట జిల్లా