మన సంఘం వార్షిక నివేదిక, 2024–25: చందాలు రైలు టికెట్లకే పోయాయా?

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక ఆలస్యమైంది, తప్పు నాదే. లెక్కల కాగితం శ్రీకాకుళం మీటింగులో పంచేశాం కాబట్టి అంకెలు మళ్లీ రాయట్లేదు, కానీ "రెట్ సిండ్రోమ్ పరిశోధనకని వసూలు చేసి రైలు టికెట్లు కొన్నారేంటి" అని ముగ్గురు మొహమ్మీదే అడిగారు, దానికి జవాబు చెప్పాలి.

ఎక్కువగా ఆడపిల్లలకి వచ్చి, నేర్చుకున్న మాటల్నీ చేతిపనినీ పోగొట్టే ఈ మెదడు జబ్బుకి మూలం ఎక్స్ క్రోమోజోమ్ మీదున్న ఎంఈసీపీ2 జన్యువని 1999లో హ్యూస్టన్‌లో హుదా జోఘ్బీ బృందం తేల్చింది. 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం, జబ్బు ముదిరిన ఎలుకల్లో ఆ జన్యువుని తిరిగి పనిచేయిస్తే అవి చాలావరకు తేరుకున్నాయని చూపించింది. అమెరికాలో మోనికా కోయెన్‌రాడ్స్ అనే తల్లి 2008లో పెట్టిన ట్రస్టు ఇలాంటి పనికే డబ్బు పోస్తోంది. మన చందాలు అక్కడి ఎలుకల మేతకి కూడా చాలవు. కానీ రేపు కొత్త మందుని పిల్లలకిచ్చి చూసే ఏ ట్రయల్ వచ్చినా ముందు అడిగేది పిల్ల జన్యు పరీక్ష రిపోర్టు, మనలో సగం మంది దగ్గర అదే లేదు.

అందుకే, ఆ పరీక్ష చేయించడానికే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లాం. (శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో కదా, ఆటో ఖర్చూ లెక్కలో ఉంది.) అంతకుముందు ఇక్కడినుంచే ఒక ల్యాబ్‌కి రక్తం పంపితే దారిలో గడ్డకట్టిందని పారేశారు, డబ్బు మాత్రం తిరిగివ్వలేదు.

టెక్కలి వైపు కుటుంబం సంగతి రాయకుండా ఉండలేను. ఏడాది దాటాక పిల్లకి వచ్చిన నాలుగు మాటలూ పోయాయి, బొమ్మ పట్టుకోవడం మానేసి ఎప్పుడూ చేతులు పిసుక్కుంటూ ఉంటే నాయనమ్మ "గుంటకి గాలి సోకింది" అంది, మిగతావాళ్లు మేనరికం వల్లేనని తల్లిని ఆడిపోసుకున్నారు. రిపోర్టు చూస్తే, జబ్బు తెచ్చిన ఆ జన్యువులోని మార్పు తల్లిలోనూ లేదు, తండ్రిలోనూ లేదు, పిల్లలో కొత్తగా వచ్చిందే. రెట్‌లో దాదాపు అందరికీ ఇంతే, మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. డాక్టరమ్మ అది చెప్తుంటే తల్లి ఏమీ మాట్లాడలేదు, ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. నన్నడిగితే ఏడాది చందాలకి ఆ ఒక్క కాగితం చాలు.

ఇక "మందొచ్చేసిందట" అని ఫోన్లు చేస్తున్నవాళ్లకి: ట్రోఫినెటైడ్ అనే మందుకి 2023 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చిన మాట నిజమే, అది లక్షణాలని కొంత తగ్గిస్తుందంతే, జబ్బు పోదు, చాలామందికి విరేచనాలు పట్టుకుంటాయి, ఖరీదైతే మన ఊహకి అందదు. జన్యు చికిత్స, అంటే పిల్ల ఒంట్లోకి మంచి జన్యువుని ఎక్కించే ట్రయల్స్ జరుగుతున్నాయి. అందులో చిక్కేంటంటే ఈ జన్యువు కూరలో ఉప్పులాంటిది, ఎక్కువైతే అదో వేరే జబ్బు.

రాజాం, పలాస వాళ్లు రిపోర్టుల జిరాక్సులు ఇంకా ఇవ్వలేదు. రెండేసి కాపీలు తీయించి పంపండి, ఒకటి సంఘం ఫైల్లో ఉంటుంది. మూర్ఛ వచ్చిన తేదీలు కూడా వెనకవైపు రాయండి.