ఇంతకీ ఏం చెయ్యమంటావు?

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులతో రాయునది. మీ కొత్త బిల్లుల సాఫ్ట్‌వేర్ పరీక్ష గురించి నువ్వు పంపిన 22 స్లైడ్లనూ, వాటితోపాటు మీ పైఅధికారికి ఇవ్వబోయే నివేదిక చిత్తుప్రతినీ రెండేసిసార్లు చదివాను. "మొహమాటపడకుండా చెప్పు నాన్నా" అన్నావు కనుక ఉన్నమాటే రాస్తున్నాను. పని గట్టిగా చేశావు, కాని చేసిన వరుసలోనే చెప్పుకొచ్చావు. మొదటివారం ఏం పరీక్షించావో మొదటి స్లైడులో ఉంది, ఆఖరివారం తేలిన అసలు సంగతి 20వ స్లైడులో ఉంది. ఆ దారంతా నడిచి వచ్చావు కాబట్టి నీకది సహజమైన వరుసగానే తోస్తుంది. వినేవాళ్లు మాత్రం అప్పుడే వచ్చి కూర్చుంటారు, వాళ్లలో సగంమంది 20వ స్లైడు వచ్చేసరికి ఫోను చూసుకుంటూ ఉంటారు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏట నేనూ ఇదే పని చేశాను. అప్పట్లో ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే ట్రాన్స్‌పరెన్సీ షీట్లు ఉండేవి. 40 నిమిషాలపాటు తెర వైపు తిరిగి, షీట్ల మీద ఉన్నదే పైకి చదివాను. ముగించి వెనుదిరిగేసరికి మా పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ, కోపమేమీ లేకుండానే, "అంతా బాగుందయ్యా, ఇంతకీ మమ్మల్ని ఏం చెయ్యమంటావు?" అని అడిగారు. జవాబు నాకు తెలియక కాదు గాని, దాన్ని ఒక్క వాక్యంగా ఎన్నడూ అనుకుని ఉండలేదు, అందుకే నోట మాట పెగల్లేదు. అప్పటి నుంచి ఏది రాయబోయినా ముందుగా ఆ ప్రశ్నకు జవాబు ఒక చీటీ మీద రాసుకుని, ఆ చీటీ ఎదురుగా పెట్టుకునే మిగిలినది మొదలుపెడుతున్నాను.

నీ నివేదికలోని ఒక వాక్యం చూడు: "పరీక్షా దశలో కొన్ని అంశాలకు సంబంధించి ఆశించిన స్థాయిలో ఫలితాలు రానటువంటి పరిస్థితి గమనించబడింది." నేను దీన్ని మూడుసార్లు చదివి, ఆ తర్వాత నీ పట్టికలో వెతికితే తెలిసింది, 40 బిల్లులు పరీక్షిస్తే 6 బిల్లులకు పన్ను తప్పు పడిందని. ఆ మాటే ఎందుకు రాయకూడదు? "మేము పరీక్షించిన 40 బిల్లుల్లో 6 బిల్లులకు పన్ను తప్పు పడింది. ఇది సరిచేసేదాకా కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారవద్దు." నువ్వు రాసిన వాక్యంలో ఎవరు చూశారో, ఎన్ని చూశారో, ఏది తప్పిందో, ఏం చేయాలో ఒక్కటీ లేదు. "గమనించబడింది", "పరిశీలించబడును" వంటి బడు ప్రయోగాలు తెలుగు నోట సహజంగా పలికేవి కావు, అవి వచ్చినచోట సాధారణంగా ఎవరో చాటున నిలబడి ఉంటారు. నువ్వు దాచదలచుకోలేదని నాకు తెలుసు, అయినా చదివేవారికి అలాగే అనిపిస్తుంది.

అసలు సంగతిని అడుగున పెడితే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక పైకి లేచిన 82 సెకన్లకు, బయటి ఇంధన ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజనీర్లు దెబ్బ తీవ్రతను లెక్కగట్టి అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒక స్లైడు శీర్షిక చదివితే ధీమా కలుగుతుంది. కాని అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాల్లో, పాత పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలైతే ఇప్పుడు తగిలినది సుమారు 1,920 ఘనపుటంగుళాలని ఉంది. అంటే 600 రెట్లకు పైమాటే, ఆ పరీక్షలను నమ్ముకోవడానికి వీల్లేదన్నమాట. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ నౌక ముక్కలైపోయి కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు. ఆ స్లైడే ప్రమాదానికి కారణమని నేననడం లేదు. అయితే దాన్ని చదివిన పైఅధికారికి ప్రాణాపాయం సంగతి తట్టకపోవడంలో వింత లేదని దర్యాప్తు మండలి తన నివేదికలో రాసింది. నీ 6 బిల్లులు ఎవరి ప్రాణం మీదికీ రావు, అయినా అవి ఉండవలసినది మొదటి స్లైడు శీర్షికలోనే. "పరీక్షా ఫలితాల విశ్లేషణ" అన్న శీర్షిక ఏమీ చెప్పదు, తీసెయ్యి.

ఇదంతా నిర్లక్ష్యం వల్ల జరిగేది కాదు, అదే ఇందులో చిక్కు. 1990లో స్టాన్‌ఫోర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని కొందరిచేత తెలిసిన పాటల దరువును బల్లమీద వేళ్లతో వేయించి, ఎదుటివారిని పాట పోల్చమంది. సగం పాటలైనా పోలుస్తారని దరువు వేసినవారి అంచనా. 120 పాటల్లో పోల్చగలిగినవి 3. దరువు వేసేవారి తలలో పాట మోగుతూనే ఉంటుంది గదా, ఎదుటివారికి అందేది ఉత్త టకటకే. అందుకని నీ నివేదికను ఆ పనితో సంబంధం లేని ఒకరికి చదవనిచ్చి, "అర్థమైందా?" అని అడగకుండా, "ఏం అర్థమైందో చెప్పండి" అని అడుగు. అర్థమైందా అంటే మర్యాదకైనా అందరూ తల ఊపుతారు.

మాట్లాడేటప్పటి సంగతి కొంచెం వేరు. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, అవునో కాదో అక్కడే తేలుతుంది. రాసినదైతే మళ్లీ వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు గాని, చెవితో వినేవాడు ఆ చివరి మాట దాకా అన్నిటినీ మోసుకుంటూ రావాలి, కనుక నోటితో చెప్పే వాక్యం పొట్టిగా ఉండాలి. "అంటే", "అదేంటంటే", "యాక్చువల్లీ" అనే నీ ఊతపదాలు మాట వెతుక్కునే చోటే వస్తున్నాయి, అక్కడ ఊరుకుని ఒక ఊపిరి తీసుకో. నీకు యుగంలా అనిపించే ఆ మౌనం వినేవాళ్లకు ఒక క్షణమే. గుండె దడ గురించి అడిగావు. నాకిప్పటికీ వస్తుంది, మొదటి రెండు వాక్యాలు మాత్రం కంఠతా పట్టుకుని వెళ్తాను, ఆ పైన అదే సర్దుకుంటుంది.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. స్లైడ్లు మూసేసి, మూడు నిమిషాల్లో మొత్తం చెప్పు. నేను గడియారం ఎదురుగా పెట్టుకుని వింటాను, ఆ తర్వాత నాకేం అర్థమైందో నీకు తిరిగి చెబుతాను.

ఇట్లు,
నాన్న